రెడింగ్ నుంచి గ్రావెల్ రైడ్: రిడ్జ్‌వేనా, సౌత్ డౌన్స్ వేనా?

థేమ్స్‌గట్టు:

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. ఇన్నాళ్లూ రోడ్డు సైకిలే తొక్కాను, ఈ వేసవిలో గ్రావెల్ బైక్ (కంకర, మట్టి దారుల మీద తొక్కే సైకిల్) కొన్నాను. 40 ఎంఎం టైర్లు, ప్రస్తుతానికి లోపల ట్యూబులే ఉన్నాయి. సెప్టెంబర్ చివర్లో ఒక శని, ఆదివారాలు ఖాళీ దొరికింది. కార్ల గోల లేకుండా గుట్టల మీద, పొలాల మధ్య తొక్కాలని ఉంది. సౌత్ డౌన్స్ వే, రిడ్జ్‌వే, కింగ్ ఆల్‌ఫ్రెడ్స్ వే అని మూడు పొడుగు దారుల పేర్లు వింటున్నాను. రెండు రోజులకి ఏది సరిపోతుంది?

ఇంకో సందేహం. ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే, ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాప్‌లో పొలాల మధ్య పచ్చ గీతలు చాలా కనిపిస్తున్నాయి. వాటన్నిటి మీదా సైకిల్ తొక్కనిస్తారా? యాప్ గీసిన రూటుని నమ్మొచ్చా?

సుద్దబాట:

మీ రెండో ప్రశ్న ముందు తేలాలండీ. యాప్‌ని ఒక్కదాన్నే నమ్మకండి. ఇంగ్లండ్‌లో పొలాల మధ్య దారులన్నీ ఒకటి కావు. ఫుట్‌పాత్ అంటే నడిచేవాళ్లకే. అక్కడ సైకిల్ తొక్కే హక్కు మనకి లేదు, భూమి యజమాని ఒప్పుకుంటే తప్ప. బ్రైడిల్‌వే గుర్రాలకీ నడిచేవాళ్లకీ ఉన్న దారి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టంతో సైకిళ్లకీ అందులో హక్కు వచ్చింది, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారివ్వాలని అదే చట్టంలో ఉంది. బైవేల మీద, అంటే బండ్లు పోయే పాత మట్టి దారుల మీద కూడా తొక్కొచ్చు. గేటు స్తంభం మీద బాణం రంగు చూస్తే చాలు: పసుపు అయితే ఫుట్‌పాత్, నీలం అయితే బ్రైడిల్‌వే, ఊదా లేదా ఎరుపు అయితే బైవే. ఓఎస్ వాళ్ల 1:25,000 ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో పొట్టి పచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడుగు పచ్చ గీతలు బ్రైడిల్‌వే. బయల్దేరే ముందు రాత్రి యాప్ రూటుని ఈ మ్యాప్‌తో పోల్చి చూసుకోండి, పది నిమిషాల పని.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, రిడ్జ్‌వే విషయంలో సరిగ్గా ఇదే తేడా. ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా మొత్తం 87 మైళ్లు. అందులో పడమటి సగం, అంటే ఓవర్టన్ హిల్ నుంచి గోరింగ్ దగ్గరి స్ట్రీట్‌లీ దాకా, సైకిళ్లకి తెరిచే ఉంటుంది. గోరింగ్ దాటి తూర్పుకి వెళ్తే చాలా భాగాలు ఫుట్‌పాత్. అందుకని మీకు నా సలహా పడమటి సగమే. సుమారు 70 కిలోమీటర్లు, రెడింగ్ వాళ్లకి ఇంతకంటే వీలైన రూటు లేదు.

కానీ గోరింగ్‌లో మొదలుపెట్టకండి. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. గుట్ట అంచున చెట్ల అడ్డు లేని చోట్ల ఆ ఎదురుగాలి ఎక్కుడు కంటే ఎక్కువ అలసట తెస్తుంది. పొద్దున రైల్లో స్విండన్ వెళ్లండి. అక్కడి నుంచి పల్లె రోడ్ల మీద ఏవ్‌బరీ చేరుకోవడానికి ఓ 20 కిలోమీటర్లు. రాతి వలయాన్ని చూసి ఓవర్టన్ హిల్ దగ్గర దారి ఎక్కితే, ఇక గాలి మీ వీపు మీద ఉంటుంది. రెండో రోజు చివర థేమ్స్ ఒడ్డుకి దిగుడే. గోరింగ్ అండ్ స్ట్రీట్‌లీ స్టేషన్ నుంచి రెడింగ్‌కి ప్యాసింజర్ రైలు దొరుకుతుంది.

మధ్యలో ఏం ఉందో చెప్తాను, అదే అసలు కారణం నేను ఈ దారిని పదే పదే తొక్కడానికి. బార్బరీ కాజిల్ అనే ఇనుప యుగం కోట, రాళ్లు ఉండవు, గడ్డి పెరిగిన మట్టి కట్టలే. సరిగ్గా దాని మధ్య నుంచే దారి పోతుంది. తర్వాత లిడింగ్టన్, అలాంటిదే ఇంకో కోట. ఆపైన బీచ్ చెట్ల గుంపులో వేలాండ్స్ స్మిదీ, ఐదు వేల ఏళ్ల నాటి సమాధి. దాటి కొంచెం పోతే అఫింగ్టన్ తెల్ల గుర్రం. కొండ వాలులో కందకాలు తవ్వి సుద్ద నింపి గీసిన 110 మీటర్ల బొమ్మ, సుమారు మూడు వేల ఏళ్లుగా జనం తరతరాలుగా గడ్డి పీకి, కొత్త సుద్ద కొట్టి నిలబెట్టుకుంటున్నారు. దారి మీంచి బొమ్మ సరిగ్గా కనపడదు, సైకిల్ పక్కన పెట్టి కాస్త నడవండి. అక్కడి వైట్ హార్స్ హిల్ 261 మీటర్లు, ఉత్తరాన లోయంతా కింద పరుచుకుని ఉంటుంది. లాంబోర్న్ వైపు వాలుల్లో రేసు గుర్రాల శిక్షణ జరుగుతుంది, పొద్దున్నే వెళ్తే అవి పరిగెత్తడం చూడొచ్చు. రాత్రికి గుట్ట దిగి వాంటేజ్‌లో ఉండండి, ఆల్‌ఫ్రెడ్ రాజు పుట్టిన ఊరు. మర్నాడు మళ్లీ పైకి ఎక్కాలి, ఆ ఎక్కుడు కొంచెం గట్టిదే.

టైర్ల సంగతి. ఈ నేలంతా సుద్ద. ఎండలో తెల్లగా, గట్టిగా, రోడ్డంత హాయిగా ఉంటుంది. వాన పడితే అదే సుద్ద సబ్బులా జారుతుంది, ముఖ్యంగా ట్రాక్టర్లు చేసిన గాడుల్లో. గాడిలోకి ముందు చక్రం దిగితే బ్రేక్ కొట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా అలాగే పోనివ్వాలి. సుద్ద మీద ఎర్రమట్టి పేరుకున్న చోట్ల మట్టి ఫోర్క్‌లో ఇరుక్కుని చక్రమే తిరగదు. దానికి తోడు చెకుముకి రాళ్లు, అంచులు బ్లేడుల్లా ఉంటాయి. ఆగస్ట్ చివరి దాకా పొలాల చుట్టూ ఉండే పొదల కంచెలు కొట్టకూడదన్న నిబంధన ఉంది, కాబట్టి సెప్టెంబర్‌లో రైతులు కంచెలు కత్తిరించడం మొదలుపెడతారు. దారి నిండా హాథార్న్ ముళ్లు. ట్యూబులతో వెళ్తే పంక్చర్లు వేస్తూ కూర్చోవాలి. ఈ రైడ్‌కి ముందే ట్యూబ్‌లెస్ చేయించండి, సీలెంట్ (చిన్న రంధ్రాలని తనంతట తానే మూసే ద్రవం), పెద్ద రంధ్రాల్లో దూర్చే ప్లగ్‌లు, ఒక స్పేర్ ట్యూబ్ పెట్టుకోండి. ప్రెజర్ రోడ్డు సైకిల్ అలవాటుకంటే బాగా తగ్గించండి.

నీళ్లు పైన చాలా తక్కువ చోట్ల దొరుకుతాయి. మూడు సీసాలు తీసుకెళ్లండి.

గేటుమూయండి:

సుద్దబాట గారు చెప్పింది నిజమే, కానీ సౌత్ డౌన్స్ వేని పక్కన పెట్టేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 100 మైళ్లు, మొత్తం తొక్కే హక్కు ఉంది. అంత పొడుగు దారి అలా దొరకడం అరుదు. బట్సర్ హిల్, డిచ్లింగ్ బీకన్ మీద నిలబడితే దక్షిణాన సముద్రం కనిపిస్తుంది. నీటి కుళాయిలు కూడా దారి పొడవునా అక్కడక్కడా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, ఆల్‌ఫ్రిస్టన్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. సెవెన్ సిస్టర్స్ మీదుగా పోయేది నడిచేవాళ్లది, సైకిళ్లు జెవింగ్టన్ మీదుగా పోవాలి.

అయితే ప్రతి నదీ లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి, గేట్లు లెక్కలేనన్ని. కొత్తవాళ్లకి రెండు రోజుల్లో మొత్తం కష్టం. వచ్చే మే నెలకి పెట్టుకోండి, పగలు పొడుగ్గా ఉంటుంది.

గుర్రం వెనక నుంచి వచ్చేటప్పుడు గంట కొట్టకండి అన్నా, దూరం నుంచే నోటితో హలో అనండి. మనిషి గొంతు అని గుర్రానికి తెలియాలి. గుర్రం మీదున్నవాళ్లు సరేనన్నాక నెమ్మదిగా, ఎడంగా దాటండి.

థేమ్స్‌గట్టు:

సుద్దబాట గారూ, చాలా థాంక్స్. స్విండన్ నుంచి మొదలుపెట్టే ఆలోచన నాకు తట్టలేదు. ట్యూబ్‌లెస్ ఈ వారమే చేయిస్తాను. రెండు ప్రశ్నలు. కింగ్ ఆల్‌ఫ్రెడ్స్ వే గురించి ఏమీ చెప్పలేదు. ఆ శుక్రవారం గట్టి వాన పడితే ఏం చేయాలి? మా ఆవిడ కూడా వస్తానంటోంది, తనకి రాళ్ల దారి అలవాటు లేదు.

సుద్దబాట:

కింగ్ ఆల్‌ఫ్రెడ్స్ వే 350 కిలోమీటర్ల చుట్టు దారి. సైకిలింగ్ యూకే అనే సైక్లిస్టుల సంఘం వాళ్లు 2020లో తెచ్చారు. సాలిస్‌బరీ, స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ మీదుగా వచ్చి మీ రెడింగ్‌నీ తాకుతుంది. చుట్టు దారి కాబట్టి ఇంటి గుమ్మం నుంచే మొదలుపెట్టొచ్చు. నాలుగైదు రోజుల సెలవు ఉంటేనే ముట్టుకోండి, హడావిడిగా చేస్తే దాని అందం దక్కదు. రిడ్జ్‌వేలో మీరు తొక్కబోయే దానిలో చాలా భాగం ఆ దారిలోదే.

వాన పడితే మాత్రం రిడ్జ్‌వే మానేయండి. మీ శ్రీమతి గారితో డౌన్స్ లింక్‌కి వెళ్లండి. పాత రైలు మార్గం, 1960ల్లో మూసేశారు. గిల్డ్‌ఫర్డ్ దగ్గరి సెయింట్ మార్తాస్ హిల్ నుంచి సముద్రం ఒడ్డున షోర్‌హమ్ దాకా 37 మైళ్లు. రైలు కోసం వేసిన దారి కాబట్టి వాలు చాలా తక్కువ, తడిసినా చాలా చోట్ల నేల గట్టిగానే ఉంటుంది. బేనార్డ్స్ టన్నెల్ మూసేసి ఉంది, దాని పైనుంచి ఎక్కే ముక్క ఒక్కటే కొంచెం కష్టం, అక్కడ నడిచినా ఏం కాదు. రెడింగ్ నుంచి గిల్డ్‌ఫర్డ్‌కి నేరుగా రైలు ఉంది. సెయింట్ మార్తాస్ కొండ మొదట్లో ఇసుక లోతుగా ఉంటుంది, కాబట్టి కొండ ఎక్కకుండా బ్రామ్లీలో పాత స్టేషన్ ప్లాట్‌ఫారం దగ్గర దారిలో కలవండి.