పెళ్లి ప్రోగ్రామ్‌కి సౌండ్ మాడ్యూల్ ఇంకా మోసుకెళ్లాలా, లాప్‌టాప్ చాలదా?

బెజవాడ కీస్:
మా ట్రూపులో నెల రోజులుగా ఇదే గొడవ. పాత ర్యాక్ మాడ్యూల్ ఒకటుంది, అంటే సౌండ్లన్నీ లోపలే ఉండే పెట్టె. కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌కీ నా కీబోర్డుకీ అదే దిక్కు. కొత్తగా చేరిన కుర్రాడు "ఆ ఇనప్పెట్టె ఎందుకన్నా, లాప్‌టాప్‌లో దీనికి పదింతల సౌండ్లున్నాయి" అంటాడు. మొన్న ఒక పెళ్లిలో తలంబ్రాల టైమ్‌కి మా ప్యాడ్ అన్న డోలక్ అనుకుని కొడితే పియానో మోగింది. పెళ్లికొడుకు కూడా తలెత్తి చూశాడు. అప్పట్నుంచి కుర్రాడి నోటికి అడ్డే లేదు. మీరేమంటారు?

ప్యాడ్ మాస్టర్:
అది మాడ్యూల్ తప్పు కాదు తమ్ముడూ. మీ అన్న ప్యాడ్‌లో కిట్ (సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగు) మార్చి ఉంటాడు, ఆ కిట్‌లో మిడీ (ఏ నోటు కొట్టామో మాడ్యూల్‌కి చెప్పే సిగ్నల్) చానెల్ 1 అని ఉండి ఉంటుంది. ఒక్క మిడీ కేబుల్లో 16 చానెళ్లు పోతాయి, డ్రమ్స్‌కి మామూలుగా 10 వాడతాం. 1లో నువ్వు పియానో పెట్టుకున్నావు కాబట్టి ఆయన కొట్టిన దెబ్బలన్నీ దానికే తగిలాయి. లాప్‌టాప్ పెట్టినా ఇదే జరిగేది. కిట్లన్నిటిలో చానెల్ 10 చేసి సేవ్ చెయ్యమను.
ఇంకో మాట. 1985లో వచ్చిన రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ప్యాడ్, మొదటి ఆక్టాప్యాడ్‌లో సొంత సౌండ్ ఒక్కటీ లేదు. సిగ్నల్ మాత్రమే పంపేది, మోగడానికి పక్కన మాడ్యూల్ ఉండాల్సిందే. ఆ జమానాలో నేర్చుకున్నవాళ్లం, మాకు ఆ ఇనప్పెట్టే నమ్మకం.

లాప్‌టాప్ పార్టీ:
నమ్మకం సరే, సౌండ్ మాటేంటి గురూ? 1991 నాటి జనరల్ మిడీ, అంటే ఏ నంబరుకి ఏ వాయిద్యమో అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండే లిస్టులో 128 వాయిద్యాలుంటే మనకి దక్కింది సితార్, షెహనాయ్. వీణ లేదు. డ్రమ్ మ్యాప్‌లో (ఏ నోటుకి ఏ డ్రమ్మో చెప్పే లిస్టు) బాంగో, కాంగా ఉన్నాయి, తబలా, డోలక్, మృదంగం లేవు. మాంగల్యధారణకి కాంగా కొడతారా? లాప్‌టాప్‌లో అసలు డోలు శాంపిల్సే, అంటే నిజం డోలు రికార్డింగులే వేసుకోవచ్చు.

ప్యాడ్ మాస్టర్:
జనరల్ మిడీ దగ్గరే ఆగిపోయావు. 1994లో వచ్చిన రోలాండ్ జేవీ-1080 మాడ్యూల్‌లోనే ఎక్స్‌పాన్షన్ బోర్డులకి (అదనపు సౌండ్ల కార్డులు) నాలుగు స్లాట్లున్నాయి, యూజర్ రిథమ్ సెట్లు, అంటే మనకి కావాల్సిన డ్రమ్ సెట్లు కట్టుకోవచ్చు. పైగా స్విచ్చేస్తే కాసేపట్లో రెడీ. నీ లాప్‌టాప్ మండపంలో అప్‌డేట్ మొదలుపెడితే అప్పుడేం చేస్తావు?

లాప్‌టాప్ పార్టీ:
జనరేటర్ మార్చేటప్పుడు కరెంటు పోతే నీ మాడ్యూల్ ఏం చేస్తుంది? నా దానికి బ్యాటరీ ఉంది!

బెజవాడ కీస్:
అయ్యా, అప్పుడు యాంప్లిఫయర్లూ ఆగిపోతాయి. బ్యాటరీతో మోగించుకుని నువ్వొక్కడివే వింటావా?

రికార్డింగ్ రూమ్:
ఇద్దరూ డిలే గురించి మాట్లాడలేదేం? లాప్‌టాప్‌లో 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (సౌండ్ బయటికి పంపేముందు పోగుచేసుకునే ముక్క) 128 పెడితే బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లు, ఎవరికీ తెలియదు. టపటపా శబ్దాలొస్తున్నాయని 1024 చేశారనుకోండి, 23 దాటుతుంది, దరువు వెనకబడిపోతుంది. మాడ్యూల్‌కి అసలు డిలే లేదనుకోవడమూ భ్రమే. మిడీ కేబుల్ మీద ఒక్కో నోటుకి ఇంచుమించు 1 మిల్లీసెకను పడుతుంది, లోపలి ప్రాసెసింగ్ వేరే. కానీ అది ఈరోజెంతో రేపూ అంతే. నా వరకు లైవ్ దరువుకి మాడ్యూలే.

లాప్‌టాప్ పార్టీ:
దరువు వదిలేస్తా. సన్నాయి మాత్రం ఇవ్వను. మాడ్యూల్ షెహనాయ్‌తో గమకం పలికించి చూపించండి చూద్దాం.

బెజవాడ కీస్:
సన్నాయి అంటే గుర్తొచ్చింది. లాప్‌టాప్ నుంచి మాడ్యూల్‌కి ప్రోగ్రామ్ 112, అంటే జనరల్ మిడీ లిస్టులో వాయిద్యం నంబరు పంపితే షెహనాయ్ రావాలి కదా, చిన్న గంటలు మోగుతున్నాయేంటి?

రికార్డింగ్ రూమ్:
మీ సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి లెక్కపెడుతోంది. లిస్టు 1 నుంచి మొదలవుతుంది. దాని 112 అంటే లిస్టులో 113, అంటే టింకిల్ బెల్. 111 పంపండి.

బెజవాడ కీస్:
వచ్చింది! సరే, ఆదివారం రిహార్సల్‌కి రెండూ పెడుతున్నాం. ప్యాడ్ మాడ్యూల్‌కి, సన్నాయి లాప్‌టాప్‌కి. మాడ్యూల్ ఆన్ చెయ్యగానే బ్యాటరీ లో అని చూపిస్తోంది, అన్న బటన్ సెల్ కొనుక్కొచ్చాడు. ఇవాళే మార్చేస్తాం.

ప్యాడ్ మాస్టర్:
ఆగాగు! ముందు బల్క్ డంప్ (మాడ్యూల్ మెమరీ మొత్తం కాపీ) తీసి లాప్‌టాప్‌లో దాచుకో. సెల్ తియ్యగానే మీరు కట్టుకున్న డోలక్ సెట్లన్నీ ఎగిరిపోతాయి.

లాప్‌టాప్ పార్టీ:
ఎక్కడ దాచుకోమన్నావు మాస్టారూ, ఇంకోసారి చెప్పు?