అప్‌డేట్: పదాలు ఇప్పుడు గుర్తుంటున్నాయి

మూడు నెలల క్రితం అడిగాను: విదేశాల్లో పీజీ చదువుకు రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం రోజుకు యాభై ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నాను, వారం తిరిగేసరికి ఒక్కటీ నిలవడం లేదు, ఏం చేయాలి అని. పదాన్ని విడగొట్టి మూలం చూడమన్న సలహా నన్ను ఒడ్డున పడేసింది. చెప్పినవారికి చేతులెత్తి నమస్కారం.

'ఇంపీడ్' అంటే ఆటంకపరచడం అని పదిసార్లు రాసినా మరిచిపోయేదాన్ని. అందులోని లాటిన్ 'పెడ్' అంటే పాదమట, మన సంస్కృత 'పాద'కు చుట్టమే! అసలు అర్థం కాళ్లకు సంకెల వేయడం. అచ్చంగా మన 'ముందరి కాళ్లకు బంధం'. ఆ సంకెల విప్పితే 'ఎక్స్‌పెడైట్', అంటే పని త్వరగా అయ్యేలా చూడడం. ఆ రోజు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను.

అయితే నిఘంటువు చూడకుండా ఊహించకూడదు. 'పీడియాట్రిక్స్'లో ఉన్నది పాదం కాదు, పిల్లలను సూచించే గ్రీకు మాట.

ఇప్పుడు రోజుకు పన్నెండే. మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ చూస్తాను. జీఆర్‌ఈలో విలోమపదాల ప్రశ్నలను 2011లోనే తీసేశారు, పదాలను వాక్యాల్లోనే అడుగుతున్నారు కాబట్టి ప్రతి పదాన్నీ వాక్యంలో పెట్టి రాస్తున్నాను. ఇంకా మొండికేస్తున్నది 'సాంక్షన్': అనుమతీ అదే, ఆంక్షా అదే. దానికి ఉపాయం ఉంటే చెప్పండి.