సముద్రపు చెమ్మకు తట్టుకునే పరుపు, మంచం ఏవి?

నమస్తే అండీ. మాది విశాఖలో బీచ్‌కి దగ్గర్లో అద్దె ఇల్లు. పడకగది 10 బై 10 అడుగులు. బీరువా పోగా 72 బై 78 అంగుళాల కింగ్ సైజు మంచం వేస్తే తలుపు సరిగా తెరుచుకోదు. అందుకే 60 బై 78 క్వీన్ సైజే అనుకుంటున్నాం.

ఇప్పుడున్నది ప్లైవుడ్ బాక్స్ మంచం. సామాన్లు పడతాయి గానీ కింద గాలి ఆడదు. మొన్న దుప్పట్లు తీద్దామని పరుపు ఎత్తితే అడుగంతా నల్లటి బూజు చుక్కలు, ప్లైవుడ్ మీద చెమ్మ, ఒకటే ముక్కిపోయిన వాసన!

షాపువాళ్లు మెమరీ ఫోమ్ (ఒంటి బరువుకు అణిగి ఒదిగే స్పాంజి) పరుపు అంటున్నారు. అది ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, మాకేమో ఏసీ లేదు. అమ్మ బూరుగు దూది పరుపు కుట్టించమంటోంది. మంచిదే, కానీ ఎండేయడానికి మేడ మీదకు ఎవరు మోస్తారు? నా మనసు మాత్రం కొబ్బరి పీచు మీద లేటెక్స్ (రబ్బరు నురగ) పొర ఉన్న పరుపు, సందులున్న చెక్క పట్టీల మంచం మీద ఉంది.

పీచు పరుపు వానాకాలంలో వాసన వస్తుందా? పట్టీల మధ్య ఎంత సందు ఉంచాలి? ఇనుప మంచానికి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అతికించే పూత) వేయిస్తే ఉప్పుగాలికి ఆగుతుందా? తీరప్రాంతాల్లో వాడినవాళ్లు కాస్త చెప్పండి.