కాలువలు కట్టేశాక తోకకప్పలను కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: కోనసీమలో మాది కొబ్బరితోట. చైత్రంలోనే ఎండలు ముదరడం, వేసవి మరమ్మతుల కోసం ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు ఆపేయడంతో బోదె అడుగంటి, తోకకప్పలు బురదలో కొట్టుకుంటున్నాయి. పిల్లలు వాటిని సిమెంటు తొట్టిలోకి మార్చారు. కుళాయి నీరు పోయవచ్చునా?

మొదటి జవాబు: నేరుగా పోయకండి. అందులోని క్లోరిన్ మొప్పలకు హాని చేస్తుంది కనుక, వెడల్పాటి గంగాళంలో ఒక రోజు ఆరుబయట ఉంచి, బోదె నీటిలో కొద్దికొద్దిగా కలపండి. తొట్టిపై సగం మేర తాటాకు కప్పండి.

రెండవ జవాబు: అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. కాళ్లు వచ్చి తోక కరుగుతున్న పిల్ల ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. నున్నటి గోడ ఎక్కలేకపోతే మునిగి చస్తుంది. కొబ్బరిమట్టను ఏటవాలుగా వేయండి. పెద్దకప్పలు తడిమట్టిలో దూరి తొలకరిదాకా ఓర్చుకుంటాయి, గట్టు తవ్వకండి.

అడిగినవారు: మట్ట వేశామండి. ఉడికించిన తోటకూర వేస్తే ఆకు ఈనెలు మాత్రమే మిగులుస్తున్నాయి.