సమస్య: "పదియు మూడు కలియఁ బండ్ల డజను"

నిర్వాహకుడు: నిన్న బజారులో అరటిపండ్లు కొంటుండగా ఈ పాదం తట్టింది. ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. ఇంగ్లీషు నుంచి వచ్చిన డజను అన్న మాట మనకు పండ్లలో, గుడ్లలో, గాజులలో పన్నెండుగానే స్థిరపడింది కాబట్టి, పదమూడు డజను ఎలా అవుతుందో పూరించేవారే సమర్థించాలి. చివర ప్రశ్నార్థకం చేర్చే పూరణలను ఈసారి స్వీకరించను.

సామర్లకోట అక్కయ్య:
అరటి పండ్ల నమ్ము నవ్వ ప్రేమగ నిచ్చు
కొసరుగాను పండుఁ గూర్చి మాకు
లెక్క కట్టి చూడ లేదు లోటెన్నఁడు
పదియు మూడు కలియఁ బండ్ల డజను

లెక్కల మాస్టారు: అక్కయ్య గారి కొసరు హృద్యంగా ఉంది. అయితే "అవ్వ ప్రేమగ" అన్నచోట సంయుక్తాక్షరానికి ముందున్న వకారం గురువై (రెండు మాత్రల అక్షరమై) గణం, అంటే గురులఘువుల కూర్పు, చెడిందని నా అభిప్రాయం. నా పూరణ ఇది. సున్న నుంచి ఎనిమిది దాకా తొమ్మిది అంకెలతోనే లెక్కించే పద్ధతిలో 10 అని రాస్తే తొమ్మిది అన్నది ఇందులోని ఊహ.

తొమ్మిదంకె లున్న దొడ్డ లెక్కల యందు
పదియె తొమ్మిదగును పఠితలార
దానితోడ మూడు తానుగాఁ జేరెను
పదియు మూడు కలియఁ బండ్ల డజను

సామర్లకోట అక్కయ్య: మాస్టారు గారూ, "అవ్వ" తెలుగు మాట, "ప్రేమగ" వేరే పదం, రెంటికీ సమాసం లేదు కనుక వకారం లఘువే, గణం చెడలేదు. మీ ఊహ నిజంగా గొప్పది, కాని "దొడ్డ" అన్న విశేషణం యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొంతన) కోసం తప్ప మరెందుకూ రాలేదు. పైగా పాదంలోని "పండ్ల" అన్న మాటకు మీ పద్యంలో ఆధారమే కనిపించదు.

పద్యాభిమాని: యతి ప్రస్తావన వచ్చింది కనుక గుర్తు చేస్తున్నాను. పోయిన నెల మాస్టారు గారు "డజను"కు "దాటె"తో యతి చెల్లించి, డజనూ ద్వాదశా ఒకే కుదురు మాటలు కనుక తప్పు లేదన్నారు. ఆ చుట్టరికం నిజమే. లాటిన్‌లో పన్నెండును చెప్పే దువోదెకిమ్ ఫ్రెంచిలో దూజ్ అయి, దాని నుంచి పుట్టిన దూజేన్ ఇంగ్లీషులో డజన్ అయింది. ఆ లాటిన్ మాటకు సంస్కృత ద్వాదశ జ్ఞాతి. అయినా మాటల చుట్టరికం డకార దకారాలకు యతిమైత్రి కల్పించదు.

లెక్కల మాస్టారు: ఆ దోషాన్ని అప్పుడే ఒప్పుకోవలసింది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వకారం విషయంలోనూ అక్కయ్య గారి మాటే సరైనది. ఇంగ్లీషువారు కూడా పదమూడును "బేకర్స్ డజన్" అంటారు. రొట్టెల ధరనూ తూకాన్నీ నియంత్రించిన 1266 నాటి శాసనానికి భయపడి, తక్కువ తూచారన్న నింద రాకుండా రొట్టెలవాళ్లు అదనంగా ఒకటి ఇచ్చేవారని అందుకు కారణం చెబుతారు. అక్కడ భయం ఇచ్చిన పదమూడవదాన్ని ఇక్కడ ప్రేమ ఇచ్చినట్లు చూపడం వల్లనే అక్కయ్య గారి పూరణ నాకు మరింత నచ్చింది.

నిర్వాహకుడు: నా ఓటు కూడా కొసరుకే. మన పాత లెక్కలో పుంజీ అంటే నాలుగు, మూడు పుంజీలైతే పన్నెండు. పుంజీ మరుగున పడి డజను నిలిచినా, కొసరు అడిగే అలవాటు మాత్రం ఆ కొత్త మాటతో పాటే సాగింది. మాస్టారు గారు మొదటి పాదాన్ని సవరించి పంపితే రెండవ స్థానం వారిదే.

లెక్కల మాస్టారు: "తొమ్మిదంకె లున్న తోఁట లెక్కల యందు."

సామర్లకోట అక్కయ్య: ఇప్పుడు యతీ నిలిచింది, పండ్లకు తోటా దొరికింది.