అప్‌డేట్: మా ఊరి మంచినీళ్ల బోరు పక్కన ట్యాంకర్ల బోరు ఆగింది (పెందుర్తి వైపు)

మా మంచినీళ్ల బోరు పక్కనే ట్యాంకర్ల వ్యాపారి కొత్త బోరు వేయిస్తున్నాడు, ఎలా ఆపాలని వేసవిలో అడిగాను. పని ఆగింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) సలహా. ఊరందరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. అదే రాసి, ఊరి ఆడవాళ్ల సంతకాలతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. రెవెన్యూవాళ్లు టేపు తెచ్చారు. మా బోరు దగ్గర ఒక కొస మా పెద్దమ్మే పట్టుకుంది. రెండో కొస రిగ్గు లారీ దాకా వెళ్తే వంద మీటర్లు కూడా రాలేదు! అక్కడికక్కడే పని ఆపించారు.

నీటి పరీక్ష రిపోర్టు అవసరమే పడలేదు, ఇక్కడ తేలాల్సింది దూరం ఒక్కటే. మీరూ ముందే కొలిచి, ఫొటోలు జతచేసి, అర్జీకి రసీదు తీసుకోండి.