గిట్ సెట్టింగ్‌లో ఇచ్చిన పాత్‌ను ఎక్కడి నుంచి చూస్తుంది?

ప్రశ్న: నమస్కారమండీ. హోమ్ ఫోల్డర్‌లోని గిట్ సెట్టింగ్‌ల ఫైల్ గిట్‌కాన్ఫిగ్‌లో, వేరే సెట్టింగ్ ఫైల్‌ను కలిపే ఇంక్లూడ్ కింద "ఆఫీస్‌కాన్ఫిగ్" అని ఫైల్ పేరొక్కటే ఇచ్చాను, బాగానే చదువుతోంది. హుక్స్ (గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్ట్‌లు) ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే కోర్.హుక్స్‌పాత్‌కి కూడా అలాగే "హుక్స్" అని ఇచ్చాను. ఆ ఫోల్డరూ హోమ్‌లోనే ఉంది. కానీ కమిట్ చేస్తే, దానికి ముందు నడవాల్సిన ప్రీ-కమిట్ హుక్ నడవడం లేదు, ఎర్రరూ రావడం లేదు. ఒకే ఫైల్‌లోని రెండు పాత్‌లకు ఈ తేడా ఎందుకు?

జవాబు: గిట్‌లో అన్ని పాత్‌లకూ వర్తించే రూల్ లేదండీ, ఏ సెట్టింగ్ లెక్క దానిదే. ఇంక్లూడ్ పాత్‌ను, ఆ లైన్ రాసిన ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి చూస్తుంది. హుక్స్‌పాత్‌ను మాత్రం హుక్ నడిచే ఫోల్డర్ నుంచి చూస్తుంది. మామూలు రిపోలో (గిట్ చూసుకునే ప్రాజెక్ట్‌లో) ప్రీ-కమిట్ నడిచేది వర్కింగ్ ట్రీ మొదట్లో (ప్రాజెక్ట్ ఫైల్స్ ఉండే పై ఫోల్డర్‌లో). అంటే మీరు ఏ రిపోలో ఉంటే అందులో "హుక్స్" ఫోల్డర్ వెతుకుతోంది. దొరక్కపోతే హుక్ లేదనుకుని కమిట్ చేసేస్తుంది.

"~/హుక్స్" అని మార్చండి. తర్వాత రిపోలో "గిట్ రెవ్-పార్స్ --గిట్-పాత్ హుక్స్" కొడితే ఏ ఫోల్డర్ తీసుకుంటోందో కనిపిస్తుంది.

ఇది వెంటనే మార్చుకోవడం మంచిది. ఎవరిదో రిపో క్లోన్ చేశారనుకోండి, అందులో "హుక్స్" ఫోల్డర్, నడిపే అనుమతి ఉన్న ప్రీ-కమిట్ స్క్రిప్ట్ ఉంటే, మీరు కమిట్ కొట్టగానే వాళ్ల స్క్రిప్ట్ మీ మెషీన్‌లో నడుస్తుంది. అందుకే గ్లోబల్ సెట్టింగ్‌లో (మీ రిపోలన్నిటికీ వర్తించేదానిలో) రిలేటివ్ హుక్స్‌పాత్, అంటే "~/" గానీ "/" గానీ ముందు లేనిది, అసలు వద్దంటాను.

ప్రశ్న: మార్చాక నడిచిందండీ, థాంక్స్. షరతు కుదిరితేనే వేరే ఫైల్‌ను కలిపే ఇంక్లూడ్‌ఇఫ్‌లో "గిట్‌డిర్:ఆఫీస్/" అంటే హోమ్‌లోని ఆఫీస్ ఫోల్డరేనా?

జవాబు: కాదండీ. అది పాత్ కాదు, ప్యాటర్న్. ముందు "~/", "./", "/" ఏదీ లేకపోతే గిట్ దాని ముందు "**/" తగిలిస్తుంది. అప్పుడు డిస్క్‌లో ఎక్కడున్న ఆఫీస్ ఫోల్డరైనా సరిపోతుంది. "గిట్‌డిర్:~/ఆఫీస్/" అని రాయండి. చివరి స్లాష్ వదలొద్దు, లోపలి రిపోలన్నీ దాని వల్లే కలుస్తాయి.

మరో సభ్యురాలు: టీమ్ హుక్స్‌ను రిపోలోనే కమిట్ చేసుకునేవాళ్లకు రిలేటివ్ పాతే సరైనది, ఎవరు ఎక్కడ క్లోన్ చేసుకున్నా పనిచేస్తుంది. కాకపోతే దాన్ని ఆ రిపో వరకే పెట్టాలి. క్లోన్‌తో కాన్ఫిగ్ రాదు కాబట్టి "గిట్ కాన్ఫిగ్ కోర్.హుక్స్‌పాత్ .గిట్‌హుక్స్" లైన్‌ను మీ సెటప్ స్క్రిప్ట్‌లో చేర్చండి.